మోగే వాల్వు

ముందు స్విచ్చాపాలి.
తర్వాత ఒక బీడీ కాలేంతసేపు ఆగాలి.
గాజుకి కోపమెక్కువ,
చల్లారక ముందు ముట్టుకుంటే వేలి తోలు ఉంచేసుకుంటుంది.
బీడీ మానేసి ఆరేళ్లు.
కొలత మాత్రం మిగిలింది.

తువ్వాలుతో పట్టుకుని
పాలపన్ను ఊడదీసినట్టు
అటు కొంచెం ఇటు కొంచెం కదిపి
నిటారుగా పైకి లాగుతాను.
తొమ్మిది కాళ్లు. ఒక్కటీ వంగకూడదు.

నెల్లిమర్ల జూట్‌మిల్లులో ఇరవైతొమ్మిదేళ్లు
మగ్గాల మధ్య నిలబడ్డవాణ్ణి.
షిఫ్టు దిగినా మగ్గం నాతోపాటు ఇంటికొచ్చేది,
నాతోపాటు పడుకునేది.
కుడిచెవిలోంచి పిచ్చుకలు ఎప్పుడో ఎగిరిపోయాయి,
ఎడమచెవి కుక్కరు కూత దగ్గర చేతులెత్తేసింది.
డాక్టరు కాగితం మీద నా వినికిడి గీశాడు.
ఆ గీత
రామతీర్థం కొండ మీంచి
చెప్పుల్లేకుండా పరిగెత్తినట్టు దిగిపోయింది.

ఈ చెక్కపెట్టె జోగినాయుడు కట్టింది.
మిల్లు ఎలక్ట్రీషియను, లాకౌటు రోజుల్లో పనిలేక.
హెడ్‌ఫోన్లకి యాంప్లిఫయరు, రెండు వాల్వులు.
చేతికిస్తూ ఏదో అన్నాడు. నవ్వేశాను.
ఏమన్నాడో ఇంటికొచ్చాక సన్యాసమ్మ గట్టిగా చెప్పింది:
"పాటలైనా ఇనుకో మావా,
మనుసుల మాటలు ఎలాగూ ఇనబడవు" అన్నాట్ట.

ఆదివారం సైకిలు మీద విజయనగరం.
మూడు లాంతర్ల వెనక సందులో తవిటయ్య కొట్టు.
బిస్కెట్ల డబ్బాలో, పాత పద్దుల కాగితాల్లో చుట్టి ఉంటాయి,
కోడి కిందనుంచి గుడ్లు తీసినట్టు తీస్తాడు.
నెత్తిన వెండిపూత మెరిస్తే ప్రాణముంది.
పాలలా తెల్లబడిందంటే గాలి సొరబడింది.
"లోపలేటీ నేకపోడమే దీని బతుకు బావు" అంటాడు
నా ఎడమచెవి దగ్గరకొచ్చి.

రష్యాది పెడితే
పాడేవాడు వీధి చివర నిలబడి పిలుస్తాడు.
బెంగళూరుది పెడితే పులుసులో బెల్లం వేసినట్టుంటుంది.
ఇంకొకటి, అచ్చు చెరిగిపోయింది, పేరు తెలీదు,
అందులో తంబురా ముందుకొచ్చి కూచుంటుంది,
పాడే ఆవిడ వెనకగదిలోకి పోతుంది.
మారింది వాల్వో, నా చెవో
సగంసార్లు తేల్చుకోలేను.
అయినా మారుస్తూనే ఉంటాను.

మొన్న ఒకదాన్ని పెన్సిలుతో తట్టి పక్కన పెట్టేశాడు.
"ఇదొద్దు. మోగుతాది.
బల్ల కదిలితే సాలు, గంటలా మోగుతాది.
పాటకి పనికిరాదు."
ఊరికే ఇచ్చాడు, అలమారలో అందానికి.

రాత్రి దాన్నే గుచ్చాను.
గాజులో నారింజ రంగు చిన్న నలుసు,
అన్నం కుంపట్లో ఆఖరి నిప్పులా.
పాట ఇంకా పెట్టలేదు.

ణంగ్.

చూశాను.
సన్యాసమ్మ స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టింది.

ఎదురుగా కూచుని కందిపప్పు ఏరుతోంది.
పళ్లెం బల్లకి తగిలిన చప్పుడు.
గాజు పళ్లేనికి తగిలిన చప్పుడు.
ఆమె ఏరిన రాయి అంచు మీద పడ్డ చప్పుడు,
రాయి వెనక రాయి,
ఒక్కొక్కటీ వెండిచుక్కలా చెవిలోకి.
కళ్లు మూసుకుని లెక్కపెట్టాను.

"పదకొండు రాళ్లు" అన్నాను.

ఆమె పళ్లెంకేసి చూసింది. వేలితో లెక్కపెట్టుకుంది.
నోరు తెరిచి ఏదో అంది.
అది మాత్రం వినబడలేదు.
మాట గాల్లో పోతుంది, ఈ వాల్వుకి బల్ల కావాలి.
అర్థమైనట్టుంది.
చూపుడువేలి గోరుతో
బల్ల మీద ఒక్కటేసింది.
నా రెండు చెవుల మధ్య గంట.

ఇన్నాళ్లూ పిలవాలంటే
వెనకనుంచి వచ్చి భుజం తట్టేది, నేను ఉలిక్కిపడేవాణ్ణి.

ఇప్పుడు ఒకటంటే నీళ్లు కావాలా అని.
రెండంటే అన్నం.
పాట మధ్యలో కొడితే
పాడే ఆవిడ కూడా ఒక్క క్షణం తడబడుతుంది.
తవిటయ్య అడిగాడు, ఆ పాడైంది పారేశావా అని కాబోలు.
తలూపాను.

నిన్న మూడుసార్లు కొట్టింది.
మూడింటికి ఇంకా ఏమీ అనుకోలేదు మేము.
హెడ్‌ఫోన్లు తీసి
లేచి వెళ్లాను.